మంచునదిని చేరువనుండి చూచుట

మన భాషలో మంచు అనునది ఒక్కటే మాట. పుష్యమాసపు తెల్లవారుజామున గడ్డిపరకమీద నిలిచిన బిందువును మంచే. బాటను కప్పివేయు పొగవంటి తెరయు మంచే. హిమాలయముపై కురియు తెల్లని పొడియు మంచే. ఎండదేశమున పుట్టిన మనకు అంతకు మించి మాటలతో పని పడలేదు. కావుననే హిమానీనదము అను పదమును పాఠ్యపుస్తకములలో చదివిన బాలురు దానిని గడ్డకట్టిన యేరుగా తలంతురు. అది గడ్డకట్టిన యేరు కాదు. ఒక యేట కురిసిన మంచు వేసవిలో పూర్తిగా కరగక మిగిలి, మరుసటి యేటి మంచుక్రింద అణగి, తనలోని గాలిని పోగొట్టుకొని, గట్టిపడి రాతివంటి గడ్డగా మారును. ఇట్లు వందలకొలది సంవత్సరముల మంచు పొరలు పొరలుగా పేరుకొనిన పిమ్మట ఆ గడ్డ తన బరువునకు తానే తాళలేక పల్లమునకు మెల్లగా జారును. నిలిచినట్లు కనబడుచు నడచుచుండుటయే దాని స్వభావము. పై నుండి వచ్చు మంచు తగ్గి క్రింద కరగుట హెచ్చినచో దాని కొన వెనుకకు పోవును. ఇప్పుడు లోకమందు అనేక హిమానీనదముల గతి ఇదియే.

ఇట్టిదానిని కంటితో చూడవలెనను కోరిక మనవారికి క్రొత్తది. కాశికి పోయినవాడు కాటికి పోయినవాడు సమానమని సామెత పుట్టిన దేశము మనది. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణమునుండి బయలుదేరి, హైదరాబాదుమీదుగా కాశికి పోయి, మరుసటి సంవత్సరము తిరిగివచ్చి, తమ యాత్రను తెలుగున గ్రంథస్థము చేసిరి. ఆ కాలమున పరివారముతో సాగిన అంతటి మహాయాత్రలోను గంగను ప్రయాగ కాశీలయందు సేవించుటయే పరమావధి. ఆ గంగ ఏ మంచుగుహనుండి వెలువడుచున్నదో పోయి చూతమను తలంపు గృహస్థునకు కలుగుటకు త్రోవయు లేదు, తీరికయు లేదు. నేడు రెండును కలవు. కనుకనే మరియొక ప్రశ్న పుట్టినది: పోగలిగినవా రందరును పోవలెనా, పోయినచో ఎట్లు పోవలెను?

నేను నివసించు చందానగర్ ఈ ప్రశ్నకు తగిన చోటు. ముంబయి రహదారి ప్రక్కన, లింగంపల్లికి చేరువగా, ఒకప్పుడు రామచంద్రాపురపు భారీ విద్యుత్పరికరముల కర్మాగార ఉద్యోగులకు అందుబాటుగా ఉన్న ఈ పేట, హైటెక్ సిటీ కార్యాలయములు వెలసిన తరువాత అంతస్తుల భవనములతో నిండిపోయినది. వేసవి వచ్చినదనగా ఒకే భవనమునుండి రెండు ప్రయాణములు బయలుదేరును. పెద్దలు చార్‌ధామ్ యాత్రకు పోవుదురు. పిల్లలు, అనగా కంప్యూటరు ఉద్యోగములు చేయు యువతీయువకులు, భుజమునకు సంచి తగిలించుకొని కొండలు నడచుటకో, కొంత డబ్బు కూడబెట్టినవారైనచో స్విట్జర్లాండునకో పోవుదురు. పెద్దలు దానిని పుణ్యమందురు, పిల్లలు సాహసమందురు. తుదకు ఇరువురును చేరునది మంచుకొండ పాదమునకే. అయినను ఒకరి యాత్రనుగూర్చి మరియొకరు అడుగరు.

మా యింటిలో ఈ రెండు ప్రయాణములును ఢీకొనినవి. మా అక్కయ్యకు కేదారనాథమును హెలికాప్టరులో పోయి చూడవలెనని కోరిక. ఆమె కూతురు ఇరువదియారేండ్లది. ఇచటి యొక కార్యాలయమున ఉద్యోగము చేయుచున్నది. ఆ పిల్లకు ఉత్తరకాశిలోని నెహ్రూ పర్వతారోహణ విద్యాలయమున నాలుగు వారముల ప్రాథమిక శిక్షణ పొంది, మంచుపై త్రాడు పట్టి నడచుట నేర్వవలెనని పట్టుదల. "పెండ్లిసంబంధములు చూచుచుండగా మంచు ఎండకు మొగము మాడ్చుకొని వచ్చెదవా?" అని అక్కయ్య. "పిన్నీ, నీవైన చెప్పుము" అని పిల్ల. ముప్పది యేండ్లు బడిలో పాఠములు చెప్పి విశ్రాంతి పొందిన నన్ను ఇరువురును మధ్యవర్తిగా కూర్చుండబెట్టిరి. అప్పటినుండి నేను హిమానీనదములను చేరు త్రోవ లన్నియు విచారింపసాగితిని.

లోకములో అన్నిటికంటె సుఖమైన త్రోవ స్విస్ దేశస్థులు వేసినది. 1896లో పని ఆరంభించి, కొండ కడుపును తొలిచి, 1912లో ముగించిన రైలుమార్గము యాత్రికుని యుంగ్‌ఫ్రౌయోఖ్ అనుచోట 3,454 మీటర్ల ఎత్తుననున్న స్టేషనునకు చేర్చును. ఆల్ప్సు పర్వతములలో నెల్ల పెద్దదగు ఆలెచ్ హిమానీనదము, ఇరువది కిలోమీటర్లకు పైగా పొడవుగలది, అచటినుండి కాళ్లయెదుట పరచుకొని కనబడును. పదేండ్ల బాలుడును చేతికర్రతో నడచు తాతయు సమానముగా చూడగలుగుట చిన్న మేలు కాదు. ఫ్రాన్సు దేశమున షామొనీ పట్టణమునకు పైన మేర్ ద గ్లాస్ అను హిమానీనదమునకును 1909 నాటినుండి రైలు కలదు. కాని రైలు దిగిన చోటునుండి మంచును చేరుటకు మెట్లు దిగవలసియుండెడిది. మంచు పలుచబడి క్రిందికి పోయిన కొలదియు మెట్లు చేర్చుచు వచ్చిరి. అవి అయిదువందలు దాటినవి. రోన్ నది పుట్టుచోట హిమానీనదమున గుహ తొలిచి టిక్కెట్టుపై చూపెడివారు. ఆ గుహ కరగిపోకుండుటకై వేసవిలో మంచునకు తెల్లని దుప్పట్లు కప్పుచు వచ్చిరి. మంచునకు దుప్పటి కప్పవలసివచ్చిన కాలమిది!

అమెరికాలో స్థిరపడిన మన కుటుంబములవారు తలిదండ్రులను తీసికొని పోవు త్రోవలు వేరు. అలాస్కా తీరమున ఓడలో కూర్చుండియే హిమానీనదపు కొన విరిగి సముద్రమున పడుట చూడవచ్చును. కెనడాలో అథాబాస్కా హిమానీనదముపైకి బ్రహ్మాండమైన చక్రములుగల బండ్లు యాత్రికులను మోసికొనిపోవును. న్యూజీలాండున ఫ్రాంజ్ జోసెఫ్, ఫాక్స్ అను రెండు హిమానీనదములపైకి ఒకప్పుడు లోయనుండి కాలినడకను ఎక్కెడివారు. మంచు వెనుకకు తగ్గి లోయగోడలు కూలుచుండుటచే మొదటిదానికి 2012లోను రెండవదానికి 2014లోను ఆ త్రోవ మూతపడెను. ఇప్పుడు హెలికాప్టరులో పోయి మంచుపై దిగవలసినదే. ఐస్‌లాండున ఓక్ అను హిమానీనదము కదలుట మానినదని 2014లో శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. కదలనిది హిమానీనదము కాదు గనుక అది మృతిచెందినట్లే. 2019లో దాని చోట స్మారకఫలకమును నిలిపిరి.

ఈ వృత్తాంతము లన్నింటిలో ఒక వింత కలదు. మంచు దూరమైన కొలదియు మనుష్యుడు దానిని చేరుటకు మరింత బలమైన యంత్రమును పూన్చుచున్నాడు. ఆ యంత్రము విడుచు పొగయు, మనము చందానగర్‌లో నడుపు బండ్ల పొగయు, విద్యుత్తునకై మండించు బొగ్గు పొగయు ఒక్క ఆకాశమునకే పోవుచున్నవి. చూడబోవుటయే చూడదగినదానిని తరుగజేయుచున్నది. దీనిని విని యాత్రలే మానుదమనువారు కలరు. నేను ఆ మాట అనజాలను. ఎన్నడును చూడనిదానికొరకు ఎవరు దుఃఖింతురు? కాని చూచుటకు తక్కువ హానియు ఎక్కువ జ్ఞానమునుగల త్రోవ యేదియని అడుగుట గృహస్థు ధర్మము.

అక్కయ్య కోరిన కేదారనాథమునుగూర్చి ఆమెకు నేను ఇట్లు చెప్పితిని. ఆ దేవాలయము సముద్రమట్టమునకు సుమారు 3,580 మీటర్ల ఎత్తునను, మన యిల్లు సుమారు 540 మీటర్ల ఎత్తునను ఉన్నవి. కొన్ని నిమిషములలో హెలికాప్టరు అంత ఎత్తున దింపినచో దేహము ఆ పలుచని గాలికి అలవాటుపడుటకు వ్యవధి లేదు. తలనొప్పి, వాంతి, నిద్రపట్టకుండుట మొదలగునవి మొదట పుట్టును. లెక్కచేయక ఉన్నచో ఊపిరితిత్తులకును మెదడునకును నీరు చేరును. వెంటనే క్రిందికి దిగుటయే ముఖ్యమైన చికిత్స. రెండవ సంగతి: ఆ దేవాలయమునకు పైన చోరాబారి హిమానీనదము కలదు. దాని ప్రక్కనున్న సరస్సున 1948లో గాంధీమహాత్ముని చితాభస్మమును కలిపినందున దానికి గాంధీసరోవరమని పేరు. 2013 జూను నెలలో కుంభవృష్టి కురిసి, ఆ సరస్సును నిలిపిన రాళ్లకట్ట తెగి, 17వ తేది ఉదయమున నీరు రాళ్లతో కూడ దేవాలయముపైకి దూకెను. ఆ వరదలలో వేలకొలది జనులు మృతిచెందిరి. యాత్రకు పోయిన తెలుగువా రెందరో కొండలలో చిక్కుకొనిరి. దేవుని చూడబోయినవారికి ఆ దేవుని వెనుక హిమానీనదమొకటి కలదని చెప్పినవారు లేరు. యాత్రికునికి మహాత్మ్యముతోపాటు భూగోళమును కూడ చెప్పవలెనని నా మనవి.

తుదకు ముగ్గురమును గంగోత్రికి పోవుటకు ఒడంబడితిమి. గత సెప్టెంబరున బయలుదేరి, ఉత్తరకాశిలో ఒక దినమును, సుమారు 3,100 మీటర్ల ఎత్తుననున్న గంగోత్రిలో రెండు దినములును దేహమును అలవాటుచేసికొంటిమి. మోకాళ్ల నొప్పిగల అక్కయ్య గంగోత్రిలో ఆగినది. పిల్లయు నేనును ఒక కూలివానిని తోడుచేసికొని గోముఖమునకు నడచితిమి. గంగోత్రినుండి గోముఖము 18 కిలోమీటర్లు. ఆ ప్రాంతము జాతీయవనము. దినమునకు 150 మంది యాత్రికులకు మాత్రమే అటవీశాఖవారు అనుమతి నిత్తురు. పేరు వ్రాయించుకొని, ప్లాస్టిక్ వస్తువుల లెక్క చెప్పి ముందుకు సాగవలెను. ఈ నిబంధనను విసుగుకొను యాత్రికులను చూచితిని. తిరుపతిలో గంటలకొలది వరుసలో నిలుచు మనకు ఇది కష్టము కాదు.

మొదట చీడ్ వృక్షములుగల చీర్‌బాసా. పిదప 14వ కిలోమీటరున భోజ్‌బాసా. భోజమనగా భూర్జవృక్షము, పూర్వులు గ్రంథములు వ్రాసికొనిన పట్ట దానిదే. పేరునకు భూర్జవనమైనను అచట చెట్లు అరుదు. యాత్రికుల వంటచెరకునకై నరకుటచే ఆ వనము క్షీణించినది. 1981లో నందాదేవి శిఖరమునెక్కిన హర్షవంతీ బిష్ట్‌గారు, అర్థశాస్త్ర మధ్యాపనము చేయుచునే, 1990ల నాటినుండి అచట భూర్జవృక్షములను తిరిగి నాటించుటకు పూనుకొనిరి. 2021లో వారు భారత పర్వతారోహణ సంస్థకు అధ్యక్షులైరి. ఆ పదవి నందిన స్త్రీలలో వారే ప్రథములు. కొండనెక్కిన స్త్రీ క్రిందికి దిగి మొక్క నాటినదని నేను చెప్పగా పిల్ల చాల సేపు ఆ చెట్లవంకనే చూచినది.

మరునాటి ఉదయమున గోముఖమును చూచితిమి. క్యాలెండరు బొమ్మలలోవలె అది తెల్లనిది కాదు. సుమారు 30 కిలోమీటర్ల పొడవుగల గంగోత్రి హిమానీనదపు కొన, బూడిదవన్నె గోడవలె, రాళ్లను మట్టిని మోయుచు నిలిచియున్నది. పగిలిన చోటులందు మాత్రము లోపలి నీలిరంగు కనబడును. దాని క్రిందినుండి సిమెంటు కలిపినట్లున్న నీరు ఉరుకుచుండును. కొండ నరిగిన పిండి ఆ నీటి రంగునకు కారణము. ఎండ యెక్కిన కొలదియు పైనుండి రాళ్లు జారి పడు చప్పుడు వినబడును. భూగర్భశాస్త్రజ్ఞులు 1935 నాటినుండి ఈ కొనను కొలుచుచున్నారు. సగటున ఏటికి 20 మీటర్లకు దగ్గరగా అది వెనుకకు పోయినది. అనగా మా అక్కయ్య పుట్టిననాడు గోముఖ మెచట నుండెనో అచటినుండి నేడు ఒక కిలోమీటరుకు పైగా నడువవలెను. పుస్తకములో అంకె కాళ్లక్రింద దూరమైనప్పుడు కలుగు గ్రహింపు వేరు.

పిల్ల నీటి అంచునకు దిగి మంచును తాకవలెనని రెండడుగులు వేసినది. కూలివాడు, నేపాలునుండి వచ్చిన మధ్యవయస్కుడు, కేక వేయలేదు. చేయి అడ్డముపెట్టి, పైనున్న పగులును చూపెను. ఆమె ఆగినది. మేమున్న యరగంటలోనే గోడనుండి ఒక పెద్ద చెక్క విరిగి నీటిలో పడెను. అదే కూలివాడు మా సంచులను మోసెను, మా ఊపిరి చప్పుడును గమనించి మమ్ము మెల్లగా నడిపించెను. పట్టణమున కాఫీ ఖరీదును బేరమాడనివారు కొండమీద ఇట్టివాని కూలిని బేరమాడుదురు. యాత్రలో పుణ్యమనునది కలదేని దాని మొదటి లెక్క అచట తేలును.

గంగోత్రికి తిరిగివచ్చిన రాత్రి అక్కయ్య తన సంచిలోనుండి మడతపెట్టిన పత్రికముక్కను తీసి మా ముందుంచినది. 2022 అక్టోబరు 4న ద్రౌపదీ కా దండా శిఖరమువద్ద మంచుచరియ విరిగిపడి, ఆ ఉత్తరకాశి విద్యాలయపు శిక్షణలో నున్నవారు పాతికమందికి పైగా మృతిచెందిన వార్త అది. పెండ్లి మాట, మొగము రంగు మాట పైకి చెప్పినవి, లోపలి భయమిది. సంస్కారమును బోధించు మనము తల్లుల భయమును మూఢత్వమని త్రోసివేయుట కలదు. ఈ భయము మూఢత్వము కాదు. దీనికి ఉత్తరము చెప్పవలసినదే.

పిల్ల చెప్పిన ఉత్తర మిది: "అమ్మా, అపాయము లేదని నేను అనను. నేర్వక పోయినచో అపాయము హెచ్చు. నేర్చుటకే పోవుచున్నాను. శిఖరమునకు కాదు, ప్రాథమిక శిక్షణకు." అప్పుడు నేను మన బిడ్డల కథ చెప్పితిని. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమున గిరిజన కుటుంబములో పుట్టిన మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుచు, భువనగిరి బండపై ఎక్కుట నేర్చి, డార్జిలింగున శిక్షణ పొంది, 2014 మే 25న ఖమ్మము జిల్లా బాలుడగు ఆనందకుమారుతో కూడ ఎవరెస్టు శిఖరమును చేరెను. అప్పటికి ఆమెకు పదునాలుగేండ్లు నిండలేదు. వారు తిబ్బతువైపునుండి రోంగ్‌బుక్ హిమానీనదముమీదుగా పోయిరి. నెల్లూరు జిల్లావాడగు మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండముల యెత్తైన శిఖరములను 172 దినములలో ఎక్కి, 2015లో ఆండీసు పర్వతములలో ప్రాణము విడిచెను. రెండు కథలును చెప్పితిని. మొదటిదానిని చెప్పి రెండవదానిని దాచుట న్యాయము కాదు.

అక్కయ్య చాల సేపు మాటాడలేదు. పిమ్మట, "మంచును తాకబోయి ఆగితివట గదా. కూలివాడు వలదన్న మాత్రముననే ఆగితివా?" అని అడిగినది. "అతనికి తెలియును, నాకు తెలియదు గనుక ఆగితిని" అని పిల్ల. "అయినచో పొమ్ము" అని అక్కయ్య ఆ పత్రికముక్కను తిరిగి మడిచి సంచిలో పెట్టుకొనినది. దానిని పారవేయలేదు. పారవేయవలసినదియు కాదు.

దేవాలయములలో గర్భాలయపు గడప కలదు. ఆ గడపయే కాక వాకిలి కూడ తరతరములుగా కొందరికి పుట్టుకను బట్టి మూసివేయబడినది. హిమానీనదమునకును ఒక గడప కలదు. కాని అది లంబాడీ తండా పిల్లనో, బ్రాహ్మణుని కొడుకునో అడుగదు. ఓపికపట్టి నేర్చితివా, ఆగుమన్నప్పుడు ఆగుదువా అని అడుగును. పుట్టుకచే మూసిన గడపలను త్రోసివేయవలెను. జ్ఞానముచే ఏర్పడిన గడపను మన్నింపవలెను. ఈ రెంటికిని గల భేదమును పిల్లలకు నేర్పుట ఇంటిపని.

కొండలకు పోజాలనివారికి త్రోవ లేదా? మనకు పదికిలోమీటర్ల మేరనే బాలానగరున జాతీయ దూరసంవేదన కేంద్రము కలదు. ఉపగ్రహములు తీసిన చిత్రములను బట్టి హిమాలయములలోని హిమానీసరస్సుల పటములను వారు సిద్ధపరచిరి. 2023 అక్టోబరున సిక్కిములోని సౌత్ లొనాక్ సరస్సు తెగి తీస్తా నది పొంగి ఆనకట్టను కొట్టుకొనిపోయినప్పుడు, ఆ సరస్సు వైశాల్యము నూరు హెక్టారులకు పైగా తరిగినదని చిత్రములతో చూపినవారు వీరే. వేయి కిలోమీటర్లకు ఆవలనున్న మంచును మన పొరుగువారు కాపలాకాయుచున్నారు. ఇంకను దగ్గరి సాక్ష్యము వలెనన్నచో ఆదిలాబాదు సరిహద్దున పెన్‌గంగను తలచుకొనుడు. ఆ నదీప్రాంతమున, చంద్రపురమునకు చేరువ, ఇరాయి అనుచోట మంచుగడ్డలు గీచిన గీతలుగల బండను 1870వ దశకమున భూగర్భశాస్త్రజ్ఞులు గుర్తించిరి. సుమారు 30 కోట్ల సంవత్సరములక్రిందట మన నేల దక్షిణధ్రువమునకు చేరువనుండి మంచుక్రింద మునిగియుండెను. సింగరేణి బొగ్గు ఆ మంచు తొలగిన పిదప పెరిగిన అడవులది. ఆ బొగ్గును మండించియే మనము నేటి మంచును కరిగించుచున్నాము.

కావున చదువరులకు నా మనవి కొద్దిపాటిది. పోగలిగినవారు పొండు, నేర్చి పొండు, మెల్లగా పొండు, మోసినవానికి తగిన కూలి నిండు, తెచ్చిన చెత్తను తిరిగి తెండు. ఆడపిల్ల అడిగినచో ఆడపిల్లయని కాదు, సిద్ధపడినదా యని విచారింపుడు. తిరిగివచ్చిన పిమ్మట గంగాజలపు చెంబుతోపాటు ఆ నీరు ఎచటినుండి వచ్చినదో, అది ఎంత వెనుకకు పోయినదో ఇంటిల్లిపాదికిని చెప్పుడు. మా అక్కయ్య తెచ్చిన చెంబు పూజామందిరమున నున్నది. దాని ప్రక్కన పిల్ల ఒక కాగితము అంటించి, గోముఖమును మేము చూచిన తేదిని వ్రాసినది. ఇరువదియేండ్ల తరువాత తాను మరల పోయి కొలుచునట.